పిల్లగాలుల కాలనీకి వెళ్ళిన రొట్టెబండి

దోన్ ఎర్మిలో ఉక్ మా వీధుల్లో రొట్టెలు అమ్ముకున్నన్నాళ్ళూ ఎవరి తలుపూ తట్టి ఎరగడు. మా మెరిదా ఊళ్ళో, అందులోనూ సాన్ సెబాస్తియన్ పేటలో, ఆ అవసరమే ఉండేది కాదు. పొద్దు వాలితే చాలు, ఇంటింటి ముందూ కుర్చీలు పడతాయి. స్నానాలు అయిపోయి, మెడలకు పౌడరు పూసుకుని, చేతిలో విసనకర్రతో అందరూ గుమ్మాల్లోకి వస్తారు. సముద్రం వైపు నుంచి గాలి తిరిగే వేళ అది. మేం దాన్ని చల్లగాలి పుచ్చుకోవడం అంటాం, మందు పుచ్చుకున్నట్టు. సరిగ్గా ఆ వేళకు ఎర్మిలో మూడు చక్రాల బండి తొక్కుకుంటూ, రబ్బరు బుడ్డి నొక్కి హారన్ని బొంయ్ బొంయ్‌మనిపిస్తూ మా వీధి మలుపు తిరిగేవాడు. బండికి ముందు చెక్కపెట్టె, దానిమీద తెల్లటి గుడ్డ, గుడ్డ కింద పొయ్యి వేడి ఇంకా ఆరని రొట్టెలు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే చెయ్యి చాపి తీసుకునేవాళ్ళు.

నా పేరు ఆదీ. గుమ్మంలో కుట్టుమిషను వేసుకుని ఆడవాళ్ళ గౌన్ల అంచులకు రంగు పూలు కుడతాను. ఎర్మిలో మా అమ్మాయికి జ్ఞానతండ్రి. బాప్తిస్మం రోజున పిల్లను చేతుల్లోకి ఎత్తుకున్నవాడు కాబట్టి మా వరసలో అతను నాకు కొంపాద్రె, నేను అతనికి కొమాద్రె. రక్తసంబంధమైతే దేవుడు అంటగట్టింది, సర్దుకుపోవాలి. ఈ వరస మనం ఏరి కోరి కలుపుకున్నది. అందుకే ఇందులో తిట్టుకునే హక్కు కూడా ఉంటుంది, నా వంతు హక్కును నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు.

మనిషి పొట్టి. పిక్కలు మాత్రం రోకళ్ళలా ఉండేవి. రొట్టెతో పాటు కబుర్లు కూడా పంచిపెట్టేవాడు, వాటికి డబ్బులు తీసుకునేవాడు కాదు. ఎవరింట్లో జ్వరం, ఎవరింటికి అల్లుడొచ్చాడు, ఎవరి కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టింది, అన్నీ ఆ పెట్టెలోనే వచ్చేవి. ఎవరైనా రోజూ కంటే తక్కువ రొట్టెలు తీసుకుంటే ఊరుకునేవాడు కాదు. "ఏంటి దోన్యా, మీ ఆయన అలిగి అన్నం మానేశాడా, మీరే మాన్పించారా?" అని వీధంతా వినేలా అడిగేవాడు. మగవాళ్ళను దోన్ అనీ, ఇల్లాళ్ళను దోన్యా అనీ గౌరవంగా పిలుస్తాం మేం. సిగ్గుపడి ఇంకో రొట్టె తీసుకునేవాళ్ళం. అది వ్యాపారమో పరాచికమో నాకు ఇప్పటికీ తెలీదు.

బేకరీ మా వెనక వీధిలోనే. కట్టెల పొయ్యి. ఆ పొయ్యిలోంచి మా నోట్లోకి రొట్టె చేసే ప్రయాణమంతా ఎర్మిలో పిక్కల మీదే సాగేది. పేటంతా దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఒక్క మనిషి కాళ్ళు అందరికీ సరిపోయాయి. మొక్కజొన్న ఆడించే మిల్లు, బడి, సంత, మంగలి, మంత్రసాని, ఏది కావాలన్నా చెప్పులేసుకుని వెళ్ళొచ్చే దూరమే. దాన్ని మేం గొప్ప అనుకోలేదు. ఉన్నదాన్ని గొప్ప అనుకునే అలవాటు మనుషులకు ఉండదు కదా.

తర్వాత పేట ఖాళీ అవడం మొదలైంది. కొత్తగా పెళ్ళయిన జంటలకు జీతంలో కోత మీద ఊరి బయట సొంత ఇళ్ళు ఇస్తున్నారన్నారు. ఇక్కడ అత్తగారి వసారాలో ఊయలలు కట్టుకుని పడుకునేవాళ్ళకు సొంత తలుపు, సొంత తాళం చెవి అంటే ఆశ పుట్టదా? ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళు ఖాళీ చేసిన పాత ఇళ్ళను ఎక్కడెక్కడి చలిదేశాల వాళ్ళో కొనుక్కుని, గోడలకు నీలం, గులాబీ రంగులు వేయించి, తాళం పెట్టి వెళ్ళిపోయారు. ఏడాదికోసారి వచ్చి నాలుగు రోజులు ఉంటారు. వాళ్ళు రొట్టె తినరు, గోధుమ పడదట.

ఎర్మిలో హారన్ తాళాలకు వినిపించి ఏం లాభం? పెట్టె సగం నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది. ఆ మిగిలిన రొట్టెలు అతనూ నెల్సీ మర్నాడు కాఫీలో ముంచుకు తినేవాళ్ళు. వాళ్ళకు పిల్లల్లేరు. నెల్సీ అతని భార్య, నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు, మాట తక్కువ మనిషి. రొట్టెబండి తప్ప ఎర్మిలోకు ఇంకో బతుకు తెలీదు. అతని నాన్న తొక్కిన బండే అది. చక్రాలు మారాయి, పెట్టె మారింది, హారన్ మాత్రం నాన్నదే. ఆ బండి తన చేతుల్లో ఆగిపోకూడదన్నదే అతని బెంగంతా.

ఒక సాయంత్రం నా కుర్చీ పక్కన బండి ఆపి, పెట్టెలో మిగిలిన రొట్టెలు లెక్కపెట్టి, గుడ్డ మళ్ళీ కప్పేశాడు.

"తినే నోళ్ళు ఎక్కడికి పోతే రొట్టె అక్కడికే పోవాలి కదా కొమాద్రె. వాళ్ళు నా దగ్గరికి రారు. నేనే పోతాను" అన్నాడు.

అలా మేం ముగ్గురం జనవరిలో ఒక ఆదివారం ఆ కొత్త కాలనీ చూడ్డానికి వెళ్ళాం. జనవరి అని ఎందుకు చెబుతున్నానంటే మొత్తం కథ అక్కడే దారి తప్పింది. జనవరిలో మాకు ఉత్తరపు గాలి దిగుతుంది. కాస్త ఒళ్ళు జలదరిస్తే చాలు, మా ఊరివాళ్ళు పెట్టె అడుగునుంచి స్వెట్టర్లు తీసి, మంచు కొండల్లో ఉన్నట్టు వణుకుతూ సంబరపడతారు. ఆ వారం పది రోజులు ఎండన్న మాటే మరిచిపోతాం. బుర్రలో ఏ అర మూసుకుపోతుందో గానీ, ప్రతి ఏడూ మరిచిపోతాం. ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అమ్మకాలన్నీ జనవరిలోనే పెడతారు.

కాలనీ పేరు పిల్లగాలులు. రెండు బస్సులు మారి, రింగురోడ్డు దాటి, అడవి నరికిన తెల్లటి నేలలోకి వెళ్ళాలి. అన్నీ ఒకే అచ్చు ఇళ్ళు, వరసగా, సున్నం కొట్టిన అగ్గిపెట్టెల్లా. మేం వెళ్ళేసరికి సాయంత్రమైంది. అప్పుడప్పుడే దిగిన కాపురాలు. ఇంకా సామాన్లు సర్దుకోలేదు, కరెంటు మీటర్లు కూడా సగం ఇళ్ళకు లేవు. అందరూ కుర్చీలు వీధిలో వేసుకుని, పిల్లల్ని వదిలేసి, పక్కవాళ్ళను పరిచయం చేసుకుంటున్నారు. ఉత్తరపు గాలి చల్లగా కొడుతోంది. మా పేట నుంచి వెళ్ళినవాళ్ళే ఇద్దరు ముగ్గురు ఎర్మిలోను చూసి, "రొట్టె తెచ్చావా?" అని కేకేశారు. అతని మొహం చూడాలి మీరు. పెళ్ళినాడు కూడా అంత వెలుగు లేదు.

నెల్సీ ఒక్కటే అడిగింది. "చెట్లేవీ?" అంది.

"వేసుకుందాం. చెట్టెంతసేపు?" అన్నాడు ఎర్మిలో.

నేనూ పక్కనే ఉన్నాను. నాకూ ఆ వీధి నచ్చింది, వంటింట్లో మెరిసే పలకలూ నచ్చాయి. మా యుకతాన్ ప్రాంతపు నేలంతా పళ్ళెంలా చదును, కొండన్నది కంటికి కనిపించదు. అయినా దూరపు కొండలు నునుపు అనే మాట మాకు సరిగ్గా అతుకుతుంది.

కాలనీలో ఒకటి కొనుక్కోవడానికి ఎర్మిలో, నెల్సీ పేటలో ఇల్లు అమ్మేశారు. మూరెడు మందం రాతిగోడలు, రెండు నిలువుల ఎత్తు కప్పు, పెరట్లో పెద్ద వాయా చెట్టు. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఆ చెట్టు కింద ఊయల కట్టుకుంటే కునుకు పట్టేది. కొన్నాయన చెట్టు కొట్టించి ఆ గోతిలోనే ఈతకొలను తవ్వించాడు. ఆ గొడ్డలి చప్పుడు విన్న రోజున నేను ఒక్క పువ్వు కూడా కుట్టలేకపోయాను. కూర్చుని ఏడ్చాను. సిగ్గేముంది చెప్పుకోవడానికి.

మొదటి రెండు నెలలూ ఎర్మిలో రాజులా బతికాడు. మధ్యాహ్నం దాటాక కాలనీ నుంచి బయలుదేరి, లారీల పక్కన బిక్కుబిక్కుమంటూ రింగురోడ్డు తొక్కి, మా వెనక వీధి బేకరీలో రొట్టెలు నింపుకుని, మళ్ళీ అంత దూరమూ తొక్కి సాయంత్రానికి చేరేవాడు. దారిలో నా గుమ్మం ముందు ఆగి మంచినీళ్ళు తాగేవాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేవి. పిచ్చి పని అన్నాను. పెట్టె ఖాళీ అవుతోంది కొమాద్రె, అదొక్కటి చాలు అనేవాడు. అక్కడ దొరికేది సంచీలో మూటగట్టిన ఫ్యాక్టరీ రొట్టె. దాన్ని కొనుక్కోవాలన్నా హైవే మీద పెద్ద దుకాణానికి కారో మోటారు సైకిలో తీసుకుని వెళ్ళాలి. నిమ్మకాయ అయిపోతే ఇంజను స్టార్ట్ చేయాల్సిందే. అలాంటి చోటికి అతని రొట్టె పండగలా వెళ్ళింది.

ఏప్రిల్ వచ్చింది. అడవి నరికిన సున్నపురాతి నేల మీద ఎండ ఎలా ఉంటుందో నేను చెప్పలేను. అది పైనుంచి పడదు, కిందనుంచి లేస్తుంది. కాలనీ ఇళ్ళ గోడలు అట్టముక్కలంత పల్చన. కప్పు చేత్తో అందేంత ఎత్తు. పగలంతా ఎండ తాగి, పొద్దు వాలాక ఆ వేడినంతా లోపలికి కక్కుతుంది. సముద్రం గాలి అంత దూరం రానే రాదు. దారిలో ఎన్ని కప్పులు, ఎంత తారు. ఒక ఇల్లు ఏసీ పెట్టించుకుంది. దాని వెనక పెట్టె పక్కింటి కిటికీలోకి వేడిగాలి కొట్టింది. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకుని వాళ్ళూ పెట్టించుకున్నారు. వాళ్ళ వేడి ఆ పక్కింటికి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఎవరి గది వాళ్ళు చల్లబరచుకునే కొద్దీ వీధి కాగిపోయింది. మే నెల వచ్చేసరికి పిల్లగాలుల కాలనీలో వీచే గాలంతా ఆ పెట్టెల వెనక నుంచి వచ్చేదే.

కుర్చీలు లోపలికి వెళ్ళిపోయాయి. తలుపులు మూతపడ్డాయి.

ఎర్మిలో హారన్ నొక్కుతూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళేవాడు. ఏసీ పెట్టెల మోతలో అది ఎవరి చెవిన పడుతుంది? మొదట్లో హారన్‌దే తప్పనుకున్నాడు. రబ్బరు బుడ్డి కొత్తది వేయించాడు. తర్వాత ప్రతి ఇంటి ముందూ ఆగి నొక్కాడు. చివరకు తలుపులు తట్టడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరి తలుపూ తట్టని మనిషి ఇనుప గేటు మీద నాణెంతో టకటక కొట్టి, ఎవరైనా వస్తారేమోనని నిలబడేవాడు. ఆ సంగతి నాతో చెప్పింది అతను కాదు, నెల్సీ. అతనికి చెప్పుకోవడానికి నోరు రాలేదు.

కొందరు తీసేవాళ్ళు. సందులోంచి చెయ్యి మాత్రం బయట పెట్టి, "తొందరగా ఇవ్వు పెద్దాయనా, చల్లదనం పోతుంది" అనేవాళ్ళు. కబుర్లు చెప్పడానికి ఆ సందు చాలదు. వాళ్ళను మాత్రం ఏమని అనగలం? ఎర్మిలో పక్కింట్లో ఉండే గెనీ అనే అమ్మాయి తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి పోయి, చీకటిపడ్డాక వాలిపోయి వచ్చేది. రోజులో సగం ప్రయాణానికే. అలాంటి పిల్ల ఇంటికొచ్చి తలుపు మూసుకుని చల్లగా కాళ్ళు చాపుకోవాలనుకుంటే తప్పా? తప్పు ఎవరిదో తెలిస్తే వెళ్ళి నాలుగు దులిపేద్దామని నాకూ ఉంది. ఎవరి తలుపు తట్టాలో తెలియడం లేదు.

ఎర్మిలో చెట్టు మాట మరిచిపోలేదు. పేట ఇంటి పెరట్లో రాలిన వాయా గింజను మొలకెత్తించి తెచ్చుకున్నాడు. ఇంటి ముందు నాలుగడుగుల జాగాలో గునపం దించితే వేలెడు మట్టి కింద రాయి తగిలింది. మా నేలంతా అంతే, రాయే. పాత పెరళ్ళలో తాతముత్తాతల నుంచి ఊడ్చిపోసిన ఆకులూ వంటింటి చెత్తా కలిసి మట్టయింది. అక్కడ చెట్టు దానంతటదే వస్తుంది. ఇక్కడ మట్టి ఎవరు పోశారు? సెలవు రోజుల్లో కొట్టీ కొట్టీ చివరకు ఒక బకెట్టంత గుంత చేసి అందులో మొక్క పెట్టాడు. ఎదురింటాయన చూసి, "బంగారం దొరికితే సగం నాకివ్వాలి" అన్నాడట. కాలనీలో ఎర్మిలోకు దక్కిన పరాచికం ఆ ఒక్కటే. నాకు మూడుసార్లు చెప్పుకున్నాడు.

మే నెలాఖరులో ఒక సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. అన్ని ఏసీలూ ఒక్కసారి లాగితే అది మాత్రం ఏం చేస్తుంది? పెద్ద చప్పుడు, కాస్త పొగ, ఆ తర్వాత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే ఎర్మిలో వీధి మలుపు తిరుగుతున్నాడు. అలవాటుగా హారన్ నొక్కాడు. ఆ నిశ్శబ్దంలో అది కాలనీ అంతా మోగింది.

ఇదంతా మర్నాడే నా గుమ్మం ముందు నిలబడి చెప్పాడు. మంచినీళ్ళు తాగడం కూడా మరిచిపోయాడు. తలుపులన్నీ ఒక్కటొక్కటే తెరుచుకున్నాయట. కుర్చీలు బయటికొచ్చాయట. లోపల ఉక్కకు ఉండలేక వచ్చినవాళ్ళు విసనకర్రలు లేక అట్టముక్కలతో విసురుకుంటున్నారట. రొట్టెలు రెండు చేతులా తీసుకున్నారట. ఎవరో కొవ్వొత్తి వెలిగించారట, ఎవరో చాక్లెట్ పాలు చేసి వీధికంతా పోశారట. మా పేట మనిషొకాయన పాత కబుర్లు తీశాడట. ఎర్మిలో కూడా, "ఏంటి దోన్యా, మీ ఆయన అలిగాడా?" అని చాలా రోజులకు నోరారా అన్నాడట. గెనీ వచ్చి రొట్టె కొరికి, "ఇంత బావుంది, మీరెక్కణ్ణుంచి వస్తారు పెద్దాయనా?" అని అడిగిందట.

"పక్కిల్లేనమ్మా నాది" అన్నాడట ఎర్మిలో.

నాలుగు నెలలుగా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క పల్చటి గోడ. ఆ పిల్ల సిగ్గుతో నవ్వేసి, కుర్చీ అతని కుర్చీ పక్కకు జరుపుకుందట. వాళ్ళమ్మ సంగతి, కంపెనీ సంగతి చెప్పడం మొదలుపెట్టిందట. అంతలో రిపేరు పూర్తయి కరెంటు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతూనే లేచారు, కుర్చీలు ఎత్తుకున్నారు, తలుపులు వేసుకున్నారు. గెనీ చెబుతున్న మాట సగంలోనే ఉంది. రేపు చెబుతాను పెద్దాయనా అని వెళ్ళిపోయింది.

"పెట్టె ఖాళీ అయింది కొమాద్రె. వాళ్ళకి రొట్టంటే ఇష్టమే. మనుషులు మంచోళ్ళే. నా హారనే వినపడట్లేదు, అంతే" అన్నాడు.

ఆ మర్నాడు వీధి మళ్ళీ మామూలే. గెనీ మిగతా సగం చెప్పనే లేదు. పాపం, ఎర్మిలో మాత్రం ఆ తర్వాత చాలా రోజులు కరెంటు పోవాలని లోలోపల కోరుకున్నాడు. పోతే నెల్సీ ఫ్యాను కూడా ఆగుతుందని తెలిసీ కోరుకున్నాడు. ఆ కోరిక ఫాదరు దగ్గర ఒప్పుకున్నాడట కూడా. ఫాదరుకు అందులో పాపమేమిటో అర్థం కాలేదట.

బండికి చిన్న ఇంజను పెట్టించమని ఎవరో సలహా ఇచ్చారు. ఒక వారం అద్దెకు తెచ్చి చూశాడు. రొట్టె పెట్రోలు వాసన కొట్టింది. సంపాదించిందంతా ఆ ఇంజనే తాగేసింది. దాన్ని తిరిగిచ్చేసి మళ్ళీ కాళ్ళనే నమ్ముకున్నాడు. మోకాళ్ళు మాట వినడం మానేశాయి. రోజూ వచ్చేవాడల్లా రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టాడు. నేను మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని ఎదురుచూసేదాన్ని.

కాలనీ అంతా ఏసీలు పెట్టుకున్నా ఎర్మిలో పెట్టలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేనే ఎగతాళి చేశాను. అందరూ తలుపులేసుకుంటే వీధిలో ఎవరుంటారు అనేవాడు. తన గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, పొద్దు వాలాక అక్కడే కూర్చునేవాడు. గెనీ ఇంటి ఏసీ పెట్టె వేడి అతని ఎడమ చెంప మీద కొట్టేది. జరిగి కూర్చోవచ్చు. జరిగితే గుమ్మం దాటి పోతుంది. అందుకని అక్కడే కూర్చునేవాడు.

రెండో ఏడు మే నెలలో నెల్సీ వంటింట్లో పడిపోయింది. ఎర్మిలో రొట్టెల కోసం పేటకు వచ్చి ఉన్నాడు. తిరిగి వెళ్ళేసరికి ఆమె పలకల నేల మీద మొహం ఎర్రగా కాలిపోయి, మాట తడబడుతూ ఉంది. తలుపులు తట్టాడు. ఒకటి, ఇంకొకటి, మరొకటి. ఆఖరికి, ఆ రోజు సెలవేమో, తడి జుట్టుతో గెనీ తీసింది. ఆమే కారు ఎవరిదో బతిమాలి ఆసుపత్రికి చేర్చింది. ఎండదెబ్బ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఈమెను చల్లటి చోట ఉంచాలి, లేదంటే మీ ఇష్టం అన్నాడు డాక్టరు.

చల్లటి చోటంటే ఎర్మిలోకు గుర్తొచ్చింది పెరట్లో వాయా చెట్టు. అక్కడిప్పుడు ఈతకొలను ఉంది. పేటలో ఇంటి ధర తను అమ్మినదానికి ఎన్ని రెట్లయిందో అడగడానికి కూడా అతనికి ధైర్యం లేదు.

ఏసీ పెట్టించాడు. గోడ మీద దాని వెనక పెట్టె బిగించడానికి ఇంటి ముందు ఒక్కటే చోటుంది, సరిగ్గా అతను కుర్చీ వేసుకునే చోటుకు పైన. కరెంటు బిల్లుకు రొట్టెబండి చాలదు. రింగురోడ్డు మీద పెట్రోలు బంకులో పనికి కుదిరాడు. చుక్క పెట్రోలు లేకుండా పేటంతటికీ తిండి మోసిన మనిషి ఇవాళ తెల్లారినప్పటినుంచీ కార్లకు పెట్రోలు కొడుతున్నాడు. రొట్టె కోసం హైవే దుకాణానికి వెళ్ళే కార్లకు. నాకు దీని మీద ఎంత కోపం ఉందో, అంతకంటే ఎక్కువ బాధ ఉంది. కోపమైతే ఎవరి మీదో చూపించవచ్చు.

అతను మా వీధికి రావడం మానేశాక వెళ్ళి చూడాలనుకుంటూనే ఆలస్యం చేశాను. మొన్న ఒక ఆదివారం బేకరీకి వెళ్ళి, అతనికిష్టమని హామూ చీజూ పెట్టి పైన చక్కెర చల్లిన పొరల రొట్టె వేడివేడిగా కట్టించుకుని బస్సెక్కాను. రెండో బస్సు చాలాసేపు రాలేదు. చేరేసరికి రొట్టె చల్లారింది, పొద్దు వాలింది.

పేటలో కుర్చీలు పడే వేళ. ఆ వీధిలో మనిషి లేడు. ఏసీ పెట్టెలు మాత్రం ఒకదానికొకటి సవాలు చేసుకుంటున్నట్టు మోగుతున్నాయి. ఎర్మిలో ఇంటి గేటుకు లోపల తాళం. పిలిచాను. గేటు కొట్టాను. నెల్సీ పేరు కూడా పిలిచాను. నా గొంతు చిన్నదేం కాదని మా పేటలో అందరూ ఒప్పుకుంటారు. ఎవరూ రాలేదు. ఏసీ పెట్టెలోంచి నీళ్ళు కింద బకెట్లోకి చుక్కచుక్కగా పడుతున్నాయి. పక్కన ఆ గుంతలో వాయా మొక్క. బతికే ఉంది, మోకాలెత్తు పెరిగింది.

గేటు లోపల ఊచలకు గొలుసుతో కట్టి రొట్టెబండి ఉంది. పెట్టె మీద తెల్లగుడ్డ మడత పెట్టి అలాగే ఉంది. చక్రాలకు తుప్పు. హారన్ ఊచల సందులోంచి అందేలా ఉంది. చెయ్యి దూర్చి బుడ్డి నొక్కాను. రబ్బరు బీటలిచ్చింది గానీ గొంతు పోలేదు. బొంయ్ అంది. మళ్ళీ నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో, వేళ్ళు నొప్పెట్టేదాకా నొక్కాను. అతని తలుపు తెరుచుకోలేదు. గెనీ తలుపూ తెరుచుకోలేదు. రొట్టెల పొట్లం పట్టుకుని, ఎండ ఇంకా ఆరని ఆ గోడ పక్కన నిలబడి, అతను నాణెంతో గేట్లు కొడుతూ ఎలా నిలబడి ఉంటాడో అప్పుడు తెలిసింది నాకు.

కాసేపటికి బకెట్టు నీళ్ళు మొక్కకు పోయడానికి నెల్సీ తలుపు తీసింది. నా చెయ్యి ఇంకా హారన్ మీదే ఉంది. అది చూసింది. గేటు తాళం తీసి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

లోపల చలి. మా జనవరి చలి లాంటిదే. ఎర్మిలో కుర్చీ గదిలో గోడకు ఆనించి ఉంది. దానిలో అతను శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మోకాలు పట్టుకున్నాడు. పొట్లం విప్పి వాసన చూశాడు. మన పొయ్యిదే అన్నాడు. నెల్సీ చాక్లెట్ పాలు పెట్టింది. ముగ్గురం తిన్నాం. పేటలో ఎవరెవరు ఉన్నారని అడిగాడు, ఉన్నవాళ్ళ పేర్లు చెప్పాను. అవి తొందరగానే అయిపోయాయి.

"చాలాసేపైందా వచ్చి?" అన్నాడు ఉన్నట్టుండి. "ఏసీ మోతలో పిలుపులు వినపడవు కొమాద్రె. బండి గేటు దగ్గరే ఉందిగా, హారన్ నొక్కాల్సింది. ఈ చెవులకి ఇంకేది వినపడకపోయినా అది వినపడుద్ది. మా నాన్న హారన్ అది. నిద్రలో ఉన్నా లేచొస్తాను."

నెల్సీ నా వైపు చూసింది.

"ఇప్పుడే వచ్చాను కొంపాద్రె" అన్నాను. "ఇంకా నొక్కనే లేదు."